మాస్కు కట్టుకుని ఆడిన సాకర్: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బోస్టన్‌కు పడమటి వైపు ఉన్న ఊళ్ళలో పిల్లల సాకర్ జట్టొకదానికి నేను చాలా ఏళ్ళుగా మేనేజరును. మేనేజరంటే బంతి తన్నే మనిషి అనుకోకండి. హాజరు వేయడం, ఈమెయిళ్ళు పంపడం, విరామంలో పిల్లలకు నారింజ ముక్కలు కోసి పెట్టడం, వాన వస్తే వందమందికి ఫోన్లు చేయడం నా పని. కోవిడ్ రెండేళ్ళలో ఆ పనికి ఇంకొకటి తోడైంది: రాత్రి పది దాటాక తెలుగు తల్లిదండ్రులు చేసే ఫోన్లకు జవాబు చెప్పడం. ఆ ప్రశ్నలను అప్పుడే ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. శీతాకాలంలో ఫ్లూ ముదిరినప్పుడల్లా కొత్తగా చేరిన కుటుంబాలు దాదాపు అవే అడుగుతున్నాయి కనుక అన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను డాక్టరును కాను. మీ పిల్లల డాక్టరు చెప్పిన దానికీ నేను రాసిన దానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

సాకర్ అంటే మన ఫుట్‌బాలేనా?

అదే. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరుగెత్తి, ఒకరి మీద ఒకరు పడే ఆట. తాతయ్యకు ఫోనులో చెప్పేటప్పుడు ఫుట్‌బాలనీ, కోచ్‌తో చెప్పేటప్పుడు సాకరనీ అనండి.

ఆట ఎప్పుడు ఆగింది, మళ్ళీ ఎప్పుడు మొదలైంది?

మాసచూసెట్స్‌లో 2020 మార్చి 10న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వారం తిరిగేలోపు బడులు మూతపడ్డాయి, వాటితోపాటు మైదానాలూ. వసంతకాలపు సీజను మొత్తం పోయింది. జూన్ 8న రెండో దశ సడలింపులతో దూరదూరంగా నిలబడి చేసే ప్రాక్టీసుకు అనుమతి వచ్చింది. జూలై 6న మూడో దశ మొదలయ్యాక మ్యాచ్‌లకు దారి దొరికింది. అక్కడి నుంచి 2021 మే 29న రాష్ట్రం ఆంక్షలన్నీ ఎత్తివేసేదాకా ఆడినది మామూలు సాకర్ కాదు. దాని గురించే కింద రాసినదంతా.

నియమాలు ఎవరు పెట్టారు? ఒక్కొక్కరు ఒక్కో మాట ఎందుకు చెప్పారు?

ఒకరు కాదు, అయిదారుగురు. అమెరికా సాకర్ సమాఖ్య 2020 వేసవిలో ‘ప్లే ఆన్’ పేరుతో దశలవారీ సూచనలు ఇచ్చింది: ముందు ఒంటరిగా, తరువాత చిన్న గుంపులుగా, ఆపైన జట్టంతా కలిసి, చివరికి మ్యాచ్. అవి సూచనలే, చట్టం కాదు. చట్టంలాంటిది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ప్రమాణాల పత్రం. అందులో ఆటలను ప్రమాదం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడుగా విభజించారు. సాకర్ మధ్యస్థంలో పడింది. దాని పైన ఊరి ఆరోగ్య శాఖ మైదానాన్ని తెరవాలా వద్దా అని తేల్చేది. ఆపైన రాష్ట్ర యువ సాకర్ సంఘం, లీగు, చివరగా మన క్లబ్బు.

అందుకే పక్క ఊళ్ళో ఆడుతుంటే మన ఊళ్ళో గేటుకు తాళం ఉండేది. మేము పట్టుకున్న పద్ధతి ఒక్కటే: ఇన్నింటిలో ఏది ఎక్కువ కఠినంగా ఉంటే దాన్ని పాటించడం. న్యాయం సంగతి ఎలా ఉన్నా, వాదనలు తగ్గాయి.

ఆటలో ఏమేం మార్చారు?

2020 శరత్కాలంలో రాష్ట్ర హైస్కూలు క్రీడా సంఘం చేసిన మార్పులు చూసి పాత ఆటగాళ్ళు తల పట్టుకున్నారు. తలతో బంతి కొట్టకూడదు. జారుతూ వెళ్ళి బంతి లాగకూడదు. భుజానికి భుజం ఆనించి నెట్టకూడదు. బంతి పక్క గీత దాటితే చేత్తో విసరడం పోయి, కాలితో తన్ని లోపలికి పంపడం వచ్చింది. ఫ్రీ కిక్కులన్నీ పరోక్షమే, అంటే నేరుగా గోలులోకి కొట్టినా లెక్కలోకి రాదు. ఫ్రీ కిక్కుకు అడ్డంగా ఆటగాళ్ళు గోడ కట్టి నిలబడటం రద్దు. రెండు భాగాల ఆట నాలుగు భాగాలైంది, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి. క్లబ్బు సాకర్ కూడా చాలావరకు ఆ బాటలోనే నడిచింది.

వీటి వెనక ఉన్న తర్కం ఒకటే: ఇద్దరు పిల్లల ముఖాలు దగ్గరగా వచ్చే క్షణాలను ఏరి తీసేయడం. హెడింగ్‌లో, అంటే తలతో బంతి కొట్టడంలో, తప్పు బంతిది కాదు. ఒకే బంతి కోసం ఇద్దరు ఎగిరినప్పుడు ముక్కూ ముక్కూ జానెడు దూరంలో ఉంటాయి, ఇద్దరూ రొప్పుతూ ఉంటారు. త్రో-ఇన్ దగ్గర, అంటే పక్క గీత నుంచి చేత్తో విసిరేటప్పుడు, పది మంది ఒక మూల గుమికూడతారు. ఫ్రీ కిక్కు గోడ సంగతి సరేసరి, భుజాలు రాసుకుంటూ నిలబడి రిఫరీ ఈల కోసం నిమిషం సేపు కాచుకోవడమే దాని పని.

పదేళ్ళలోపు పిల్లల తల్లిదండ్రులకు హెడింగ్ నిషేధం కొత్తగా అనిపించలేదు. తలకు దెబ్బల భయంతో అమెరికా సాకర్ సమాఖ్య ఆ వయసువారికి దాన్ని అంతకు కొన్నేళ్ళ ముందే ఆపేసింది. 11 నుంచి 13 ఏళ్ళవారికి ప్రాక్టీసులో వారానికి అరగంటకు మించకూడదన్న పరిమితి ఉంది. ఆ నియమం మహమ్మారితో రాలేదు, మహమ్మారితో పోలేదు. ఇప్పటికీ కొందరు ఈ రెంటినీ కలిపేసి నాతో వాదిస్తారు.

బంతిని ముట్టుకుంటే వస్తుందా? ప్రతి పావుగంటకూ తుడవాలా?

తుడిచాం. బకెట్లో మందునీళ్ళు పోసి, గుడ్డ పట్టుకుని, దేవుడి విగ్రహాన్ని తుడిచినంత శ్రద్ధగా తుడిచాం. కోన్లను కూడా కోచ్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదన్నాం. 2021 ఏప్రిల్‌లో సీడీసీ, అంటే అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ, చెప్పినది చదివాక నవ్వు వచ్చింది: వైరస్ అంటిన వస్తువును ఒకసారి ముట్టుకున్నందువల్ల జబ్బు వచ్చే అవకాశం సాధారణంగా పది వేలలో ఒకటి కన్నా తక్కువ. గడ్డిలో దొర్లి, ఎండలో మాగి, కాళ్ళతో తన్నించుకునే బంతి సంగతి చెప్పనక్కరలేదు.

అయితే ఆట ముందూ తరువాతా చేతులు కడుక్కోవడం వృథా కాదు. కోవిడ్‌కు కాకపోయినా, పిల్లల కడుపులో దూరే మిగతా పురుగులకు అది మంచి మందు. బంతి తుడవడం మానేయండి, చేతులు కడగడం మానకండి.

బంతిలో లేకపోతే ప్రమాదం ఎక్కడుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఆటలో ఉన్న ప్రమాదం కన్నా ఆట చుట్టూ ఉన్న ప్రమాదం ఎక్కువ. 2020 వసంతంలో డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పెద్దల లీగు మ్యాచ్‌లలో ఆటగాళ్ళ కదలికలను లెక్కగట్టారు. ఒక ఆటగాడికి జబ్బు ఉందనుకుంటే, మరో ఆటగాడు అతనికి మీటరున్నర లోపల గడిపే సమయం మ్యాచ్ మొత్తం మీద సగటున ఒకటిన్నర నిమిషం లోపే. అది క్రమశిక్షణ గల పెద్దల ఆట. ఏడేళ్ళ పిల్లలు బెల్లం చుట్టూ ఈగల్లా బంతి చుట్టూ మూగుతారు, వాళ్ళ లెక్క వేరు. అయినా వాళ్ళు కూడా ఆరుబయటే ఉంటారు, ఒకచోట నిలవరు, గాలి ఆడుతూ ఉంటుంది.

ఇప్పుడు పైకప్పు కింద ఆడే ఆట చూడండి. 2020 అక్టోబరులో మాసచూసెట్స్‌లో ఐస్ హాకీ చుట్టూ కనీసం 30 చోట్ల కేసుల గుత్తులు బయటపడ్డాయి. 108 మందికి జబ్బు నిర్ధారణ అయింది, అరవైకి పైగా ఊళ్ళవాళ్ళు అందులో ఉన్నారు. రాష్ట్రం మంచు మైదానాలన్నింటినీ అక్టోబరు 23 నుంచి రెండు వారాలు మూసేసింది. అదే ఏడాది జూన్‌లో ఫ్లోరిడాలోని టాంపా బే ప్రాంతంలో పెద్దలు ఆడిన ఒక్క హాకీ మ్యాచ్ తరువాత 22 మంది ఆటగాళ్ళలో ఎక్కువమంది జబ్బుపడ్డారు. మూసి ఉన్న హాలు, చల్లని గాలి, రొప్పుతూ ఊపిరి, బట్టలు మార్చుకునే ఇరుకు గది. సాకర్‌లో రొప్పడం ఉంది కానీ ఆ హాలూ, ఆ గదీ లేవు, చలికాలంలో లోపలి హాళ్ళకు మారితే తప్ప.

సాకర్‌లో మన ఇరుకు గది పేరు కారు. అయిదుగురు పిల్లలు, నలభై నిమిషాల ప్రయాణం, చలికి అద్దాలు ఎత్తేసి, పాట పెట్టుకుని అందరూ గొంతు కలపడం. నేను చూసినంతలో జట్టులో ఒకరి నుంచి ఒకరికి పాకిందని మేము అనుమానించిన సందర్భంలో ఆ పిల్లలిద్దరూ ఒకే కారులో వచ్చినవాళ్ళు. మైదానంలో ఒకరు గోల్‌లో, ఇంకొకరు ఎదుటి కొసన. కారు తరువాతి స్థానం గెలిచాక వెళ్ళే పిజ్జా దుకాణానిది. ఆ తరువాత ఆట అయిపోయినా కదలని తల్లిదండ్రుల ముచ్చట్లది. మైదానం మీద అంతంత నియమాలు రాసి, పక్కనే కారు ఆపే చోట ఏ నియమమూ లేకుండా వదిలేశామని నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూ ఉంటుంది.

కాబట్టి జబ్బుల సీజనులో వీలైతే మీ పిల్లలను మీరే తీసుకురండి. కుదరకపోతే ఎప్పుడూ అదే ఇంకో కుటుంబంతో కలవండి, రోజుకొకరితో కాదు. అద్దాలు ఒక వేలెడైనా దించండి.

ఆడేటప్పుడు మాస్కు ఉండాలా? ఊపిరాడదేమో?

దీని మీద పెద్దవాళ్ళే ఒక మాట మీద లేరు. వ్యాయామం చేసేటప్పుడు మాస్కు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లోనే చెప్పింది. ఆగస్టులో యునిసెఫ్‌తో కలిసి ఇచ్చిన సూచనల్లోనూ పిల్లలు ఆటలాడేటప్పుడు, పరుగెత్తేటప్పుడు మాస్కు పెట్టనక్కరలేదని రాసింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అంటే ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, డిసెంబరు నాటికి అందుకు భిన్నమైన వైపు నిలబడింది: బృందంగా ఆడే ఆటల్లో మాస్కు ఉండాలి, ఆరోగ్యవంతులైన పిల్లలు దాన్ని తట్టుకోగలరు. ఈత, కుస్తీ, జిమ్నాస్టిక్స్ లాంటి వాటికి మినహాయింపు ఇచ్చింది, ఎందుకంటే అక్కడ మాస్కు చిక్కుకునే ప్రమాదం, తడిసి ఊపిరికి అడ్డుపడే ప్రమాదం ఉన్నాయి.

రాష్ట్రం 2020 నవంబరు 6 నుంచి అయిదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ బయట కూడా మాస్కు పెట్టాలంది కనుక మా వాదన అక్కడితో ముగిసింది. పిల్లలు ఆడారు. మొదటి వారం గొణిగారు, మూడో వారానికి మరిచిపోయారు. మరిచిపోనివాళ్ళు తల్లిదండ్రులే. 2021 మే 18న బయట ఆడే పిల్లలకు ఆ నియమం తొలగించినప్పుడు కొందరు పిల్లలు మాస్కు తీయడానికి సిగ్గుపడ్డారంటే నమ్మండి.

నా అభిప్రాయం అడిగితే, గాలి బాగా వీచే మైదానంలో పరుగెత్తే పిల్లవాడి మాస్కు కన్నా, బెంచీ మీద భుజాలు రాసుకుని కూర్చున్న పిల్లవాడి మాస్కుకు విలువ ఎక్కువ. అప్పట్లో మేము చూసింది మాత్రం తలకిందులుగా ఉండేది: ఆటలో పెట్టుకుని, బెంచీకి రాగానే గడ్డం కిందకు లాగేవాళ్ళు.

మాస్కు చెమటకు తడిస్తే?

తీసేసి పొడిది పెట్టాలి. తడిసిన గుడ్డలోంచి ఊపిరి తీయడం కష్టం. సంచిలో రెండు అదనంగా ఉంచేవాళ్ళం, వాడినవి వేయడానికి వేరే కవరు. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలరు మీద పేరు రాసి కోచ్‌కు చూపించండి. ఈ ఒక్కటి మహమ్మారి ఉన్నా లేకపోయినా చేయాల్సిందే.

మనవాళ్ళు నీళ్ళు ఎత్తి తాగుతారు కదా, సీసా పంచుకుంటే ఏమవుతుంది?

ఈ ప్రశ్న తెలుగువాళ్ళు తప్ప ఎవరూ అడగలేదు, నాకు ముచ్చటేసింది. ఎంగిలి పద్ధతిని మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. అయితే ఇక్కడ పుట్టిన పిల్లలకు ఎత్తి తాగడం రాదు. పరుగెత్తి వచ్చి ప్రయత్నిస్తే సగం ముక్కులోకి పోయి దగ్గుతారు, ఆ దగ్గు చూసి పక్కవాళ్ళు పదడుగులు జరుగుతారు. ఎవరి సీసా వారిదే. పేరు పెద్దగా రాయండి. నారింజ ముక్కల పళ్ళెం కూడా ఆ రెండేళ్ళూ మానేశాం. తిరిగి వచ్చిన రోజు పిల్లల కన్నా నాకే ఎక్కువ సంతోషం.

“మీ పిన్నీ మీరే తెచ్చుకోండి” అని కోచ్ ఎందుకన్నాడు?

మీ చెల్లెలిని కాదు. ప్రాక్టీసులో రెండు జట్లను వేరుచేయడానికి చొక్కా మీద తొడిగే పలుచని రంగు బనియనును ఇక్కడ పిన్నీ అంటారు. మామూలు రోజుల్లో కోచ్ సంచిలోంచి ఏది దొరికితే అది తొడుక్కుంటారు, చెమట వాసనతో సహా. కోవిడ్‌లో ఒక్కొక్కరికి రెండేసి ఇచ్చి ఇంటికి పంపాం, ఉతికి తెచ్చుకోమన్నాం. మహమ్మారి మాకు మిగిల్చిన మంచి అలవాట్లలో ఇదొకటి, ఇప్పటికీ మార్చలేదు. మా జట్టులో ఒక బాబు ఈ మాట ఇంటికి వెళ్ళి చెబితే, వాళ్ళమ్మ నిజంగానే చెల్లెలికి ఫోను చేయబోయిందట.

ఆట చివర కరచాలనం లేకపోతే మర్యాద తక్కువ కాదా?

రెండు జట్లూ ఎవరి గీత మీద వాళ్ళు నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు. మన పిల్లలు ఇద్దరు నమస్కారం మొదలుపెట్టారు, నెల తిరిగేసరికి జట్టంతా అదే. ఎదుటి జట్టు కోచ్ ఒకాయన వంగి మరీ తిరిగి పెట్టాడు.

గోల్ కొట్టినప్పుడు ఒకరి మీద ఒకరు పడి కౌగిలించుకోవడం మీద కూడా నిషేధం ఉండేది. రాసుకోవడానికి బాగుంది. తొమ్మిదేళ్ళ పిల్ల జీవితంలో మొదటి గోల్ కొట్టాక దూరం పాటించమని ఏ రిఫరీ చెప్పగలడు?

గోల్‌కీపరుకు వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

ఒకటే ముఖ్యం: బంతి మీద పట్టు కోసం చేతి తొడుగులకు ఉమ్మి రుద్దుకోకూడదు. టీవీలో చూసి నేర్చుకున్న అలవాటు అది. తొడుగులు ఒకరివి ఇంకొకరు వాడకూడదు. ఉమ్మడం ఆటగాళ్ళందరికీ నిషేధమే.

ఎదుటివాడు కావాలని ముఖం మీద దగ్గితే?

నవ్వకండి, ఇది నిజంగా నియమంగా వచ్చింది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ సంఘం 2020 ఆగస్టులో రిఫరీలకు చెప్పింది: ఆటగాడి మీదో రిఫరీ మీదో కావాలని, దగ్గరగా వచ్చి దగ్గితే ఎర్ర కార్డు చూపవచ్చు, దాన్ని దూషణ కిందే లెక్కించవచ్చు. మామూలుగా దగ్గు రావడం నేరం కాదని కూడా చెప్పాల్సి వచ్చింది. మా లీగులో అంతదాకా రాలేదు.

గీత బయట నిలబడి అరవవచ్చా?

ఇంటి నుంచి ఒకరిద్దరికి మించి రాకూడదని, కుటుంబానికీ కుటుంబానికీ మధ్య ఆరడుగులు ఉండాలని, జట్టు బెంచీ వైపు రాకూడదని నియమం. అరుపుకూ ఊపిరి తుంపరలకూ సంబంధం ఉంది, మామూలు మాట కన్నా అరుపులో ఎక్కువ వెలువడతాయి. అందుకని చప్పట్లు కొట్టమన్నాం. మడత కుర్చీలు గీతకు బాగా వెనక్కి జరిపించాం.

దీనివల్ల ఎవరూ ఊహించని మేలు జరిగింది. “అటు కొట్టు, ఇటు పరుగెత్తు” అని ఇరవై గొంతులు ఒకేసారి చెప్పడం ఆగిపోయేసరికి పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఆడటం నేర్చుకున్నారు. ఆ సీజను మా జట్టు బాగా ఆడిందని కోచ్ నమ్మకం. కారణం ఇదేనని ఆయన మొహమాటపడి తల్లిదండ్రులకు చెప్పలేదు, నేను చెబుతున్నాను.

ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉన్నారు. షుగరు, బీపీ. పిల్లను ఆటకు పంపవచ్చా?

నాకు వచ్చిన ఫోన్లలో అన్నింటికన్నా బరువైన ప్రశ్న. ఆరు నెలలకని వచ్చి విమానాలు లేక ఏడాది ఉండిపోయిన పెద్దవాళ్ళు ఎన్నో ఇళ్ళల్లో ఉన్నారు. పిల్లకు జలుబులా వచ్చి పోయేది తాతయ్యను ఆసుపత్రికి చేర్చవచ్చు. కొన్ని కుటుంబాలు టీకా వచ్చేదాకా ఆట మానిపించాయి. కొన్ని పంపాయి, కానీ కార్‌పూల్ లేదు, ఇంటికి రాగానే స్నానం, అమ్మమ్మ వాళ్ళతో భోజనం వేరే బల్ల మీద. రెండూ సరైన నిర్ణయాలే. మానిపించిన ఇంటిని పిరికివాళ్ళనీ, పంపిన ఇంటిని బాధ్యత లేనివాళ్ళనీ అన్న మాటలు నా చెవిన పడ్డాయి. అలా అన్నవాళ్ళ ఇళ్ళలో చాలావరకు పెద్దవాళ్ళెవరూ లేరు.

ఇప్పుడు ఫ్లూ సీజనులో ఇదే ప్రశ్న వస్తే, ముందు ఇంట్లో అందరికీ ఫ్లూ టీకా అయిందా అని అడుగుతాను. తరువాతే ఆట సంగతి.

జట్టులో ఒకరికి వచ్చింది. మా పిల్లవాణ్ణి ఎన్ని రోజులు ఇంట్లో ఉంచాలి?

అప్పటి లెక్క: రోజంతటిలో మొత్తం కలిపి పదిహేను నిమిషాలు ఆరడుగుల లోపల ఉంటే దగ్గరి పరిచయం. 2020 అక్టోబరు దాకా ఒకేసారి పదిహేను నిమిషాలనుకున్నారు, తరువాత విడివిడి నిమిషాలనూ కూడమన్నారు. దగ్గరి పరిచయం ఉంటే 14 రోజులు ఇంట్లో. డిసెంబరు 2న సీడీసీ దాన్ని సడలించింది, లక్షణాలు లేకుంటే 10 రోజులు, పరీక్షలో లేదని తేలితే 7. జబ్బు వచ్చినవారికైతే 10 రోజులు, పైగా జ్వరం లేని ఒక రోజు పూర్తి కావాలి. 2021 డిసెంబరు చివరలో ఆ పది అయిదుకు తగ్గింది.

ఈ లెక్కలు వేయడానికే నేను ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో కూడా రాసుకునేదాన్ని. పిల్లవాడి పేరు చెప్పకుండా “జట్టులో ఒకరికి” అని మాత్రమే సందేశం పంపేదాన్ని. అయిదు నిమిషాల్లో వాట్సాప్‌లో పేరు తిరిగేది. దయచేసి ఆ పని చేయకండి. పేరు బయటపడిన కుటుంబం మళ్ళీసారి చెప్పడం మానేస్తుంది, అప్పుడు నష్టం అందరికీ.

ఉదయం కాస్త వెచ్చగా ఉంది, మాత్ర వేస్తే తగ్గింది. పంపవచ్చా?

లేదు. మాత్ర జ్వరాన్ని దాస్తుంది, జబ్బును కాదు. ప్రతి మ్యాచ్ ముందు తల్లిదండ్రులు నింపే ఆరోగ్య పత్రంలో ఈ ప్రశ్న ఉండేది. ఫైనల్ రోజున మాత్రం అందరి పిల్లలూ ఎంతో ఆరోగ్యంగా ఉండేవారు. ఒకసారి ఒక పాప రెండో భాగంలో వణుకుతూ కూర్చుంటే అడిగాం, “అమ్మ చెప్పొద్దంది” అంది పాపం. మహమ్మారి నియమాలన్నింటిలో నేను ఒక్కటే ఉంచుకోమంటే, ఒంట్లో బాగా లేనిరోజు ఇంట్లో ఉండటాన్నే ఉంచుకుంటాను. దానికి మాస్కు అక్కర్లేదు, బకెట్టు అక్కర్లేదు, రాష్ట్ర ప్రభుత్వం అక్కర్లేదు.

మే నెలలో పుప్పొడికి తుమ్మే పిల్లల సంగతి వేరు. ఏటా వచ్చే ఎలర్జీ అని డాక్టరు రాసి ఇచ్చిన కాగితం ఒకటి మాకు పంపి ఉంచండి.

తగ్గిపోయింది. వెంటనే ఆడవచ్చా? గుండెకు ఏదో అవుతుందంటున్నారు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. మా ఊరి బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌లో ప్రధాన బౌలరు లాంటి ఎడ్వార్డో రోడ్రిగెస్‌కు కోవిడ్ తరువాత గుండె కండరం వాచింది. 2020 సీజను మొత్తం ఆడలేదు, మరుసటి ఏడాది తిరిగి వచ్చాడు. ఇరవై ఏడేళ్ళ క్రీడాకారుడికే అలా అయిందని విన్నాక ఇంటింటా గుబులు పుట్టింది.

పిల్లల్లో ఇది అరుదు. పిల్లల డాక్టర్ల సంఘం అప్పట్లో సూచించిన పద్ధతి స్థూలంగా ఇది. లక్షణాలు లేకపోయినా, కొద్దిగా ఉన్నా, ముందు విశ్రాంతి, తరువాత పిల్లల డాక్టరుతో మాట్లాడి క్రమంగా ఆటలోకి. నాలుగు రోజులు, అంతకుమించి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం ఉంటే డాక్టరు చూడాలి, ఈసీజీ తీయవచ్చు. ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా వచ్చినా, గుండె కండరం వాచినా మూడు నుంచి ఆరు నెలలు ఆట బంద్, గుండె డాక్టరు అనుమతించాకే తిరిగి మైదానంలోకి.

క్రమంగా అంటే మొదటి రెండు రోజులు నడక, తేలికపాటి పరుగు, తరువాత కాస్త బంతి, ఆపైన పూర్తి ప్రాక్టీసు, చివర మ్యాచ్. వారం పడుతుంది. ఈ మధ్యలో ఛాతీలో నొప్పి, గుండె దడదడలాడటం, పరుగుకు మించిన ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆపి డాక్టరును పిలవాలి. ఈ నాలుగు లక్షణాలనూ కోవిడ్‌తో ముడిపెట్టకుండా గుర్తుంచుకోండి.

టీవీలో పెద్ద ఆటగాళ్ళు మాస్కు లేకుండా కౌగిలించుకుని ఆడారు. మన పిల్లలకే ఈ నిబంధనలేమిటి?

వాళ్ళు బుడగలో ఆడారు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఉదాహరణ తీసుకోండి. 2020-21 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజను మొత్తం గోవాలోని మూడు మైదానాల్లో ప్రేక్షకులు లేకుండా జరిగింది. జట్లు నెలల తరబడి హోటళ్ళలో, బయటి మనిషితో కలవకుండా, పదేపదే పరీక్షలు చేయించుకుంటూ ఉన్నాయి. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ లేదు. మరుసటి సీజనులో, 2022 మార్చి 20న, ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి హైదరాబాద్ కప్పు గెలిచింది. మీ పిల్లవాడు పొద్దున బడికి, మధ్యాహ్నం సంగీతానికి, సాయంత్రం సాకర్‌కు, ఆదివారం గుడికి వెళతాడు. అది బుడగ కాదు, బస్టాండు.

అంత డబ్బూ అధికారమూ ఉన్నచోట కూడా పిల్లల పోటీలు నిలవలేదు. 2020 నవంబరులో భారతదేశంలో జరగాల్సిన 17 ఏళ్ళలోపు అమ్మాయిల ప్రపంచ కప్పు ముందు వాయిదా, తరువాత రద్దు. చివరికి 2022 అక్టోబరులో జరిగింది. ఆ మధ్య వయసు దాటిపోయిన అమ్మాయిలకు మళ్ళీ అవకాశం లేదు.

వేరే రాష్ట్రంలో టోర్నమెంటుకు వెళ్ళవచ్చా?

2020 ఆగస్టు 1 నుంచి బయటి రాష్ట్రానికి వెళ్ళి వస్తే పత్రం నింపాలి, 14 రోజులు క్వారంటైన్ లేదా 72 గంటలలోపు చేయించుకున్న పరీక్షలో లేదని తేలాలి. కాదంటే రోజుకు 500 డాలర్ల జరిమానా. కేసులు తక్కువున్న రాష్ట్రాలకు మినహాయింపు ఉండేది, కానీ ఆ జాబితా మారుతూ ఉండేది. ఇక్కడ తాళం పడ్డ మైదానాల నుంచి పక్క రాష్ట్రంలో తెరిచి ఉన్న మైదానాలకు కార్లు బారులు తీరడం చూశాను. నియమం ఊరి పొలిమేర దాటగానే ఆగిపోతుంది, వైరస్ ఆగదు.

టీకా వేసుకున్నాక నియమాలు మారాయా?

మారాయి. 12 నుంచి 15 ఏళ్ళవారికి 2021 మేలో, 5 నుంచి 11 ఏళ్ళవారికి ఆ నవంబరులో ఫైజర్ టీకా అనుమతి వచ్చింది. టీకా అయిన పిల్లలకు దగ్గరి పరిచయం వచ్చినా ఆట మాననక్కరలేని పరిస్థితి ఏర్పడింది. టీకా తప్పనిసరి అని మా క్లబ్బు అనలేదు.

పంపకపోతే జట్టులో చోటు పోతుందా?

పోకూడదు. పోయిందని మీరు అనుకుంటే నాకు ఫోను చేయండి.

ఇప్పుడు ఏ నియమాలు మిగిలాయి?

కోవిడ్‌కంటూ ప్రత్యేకంగా దాదాపు ఏవీ లేవు. 2024 మార్చి 1న సీడీసీ అయిదు రోజుల లెక్క కూడా తీసేసి, కోవిడ్, ఫ్లూ లాంటి శ్వాస జబ్బులన్నింటికీ ఒకే పద్ధతి పెట్టింది: మాత్ర వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడవాలి, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టాలి. ఆ తరువాత అయిదు రోజులు కాస్త జాగ్రత్త. మా జట్టు దీనికి తోడు మూడు ఉంచుకుంది. ఎవరి సీసా వారిది, ఎవరి పిన్నీ వారిది, కుర్చీలు గీతకు దూరంగా.

నిన్న రాత్రి జ్వరం వచ్చింది, ఇవాళ పొద్దున లేదు. పదింటికి మ్యాచ్. రావచ్చా?

ఇరవై నాలుగు గంటలు కాలేదు, రావద్దు. తొమ్మిదిలోపు ఒక సందేశం పెట్టండి, కోచ్‌కు నేను చెబుతాను. ఈవారం నారింజలు మీ వంతైతే ఆ సంగతి కూడా అందులోనే రాయండి, దారిలో నేను కొనుక్కుని వెళతాను.